బీదర్ ఎర్రరాయి వయసు



ఈ తెలుగు రచయితల సభ జరుగుతున్న బీదర్, 1956 దాకా తెలంగాణ జిల్లాలతో కలిసి హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ఊరు. ఈ చుట్టుపక్కల పల్లెల్లో మెథడిస్టు సంఘాలున్నాయి. సండేస్కూలుకు వెళ్లే పిల్లలకు బైబిలు జలప్రళయ కథలోని నోవహు ఓడ కొలతలు నోటికి వస్తాయి: పొడవు 300 మూరలు, వెడల్పు 50, ఎత్తు 30. మత్స్యావతారం వింటూ పెరిగిన ఇళ్లకూ ప్రళయం, ఓడ కొత్త కావు.

కథ పట్ల గౌరవం ఒకటి, దాన్ని భూమి చరిత్రగా లెక్కగట్టడం మరొకటి. ఐర్లండ్ ఆర్చిబిషప్ జేమ్స్ ఉషర్ 1650లో అచ్చువేసిన గ్రంథంలో సృష్టిని క్రీ.పూ. 4004లోనూ, జలప్రళయాన్ని క్రీ.పూ. 2348లోనూ నిలిపాడు. 1961లో అమెరికాలో విట్‌కోంబ్, మోరిస్ రాసిన ‘ది జెనెసిస్ ఫ్లడ్’ శిలాజాలున్న పొరలన్నీ దాదాపు ఆ ఒక్క ప్రళయంలోనే పేరుకున్నాయంది. ఆ నమ్మకం మీదే 2016లో కెంటకీలో 510 అడుగుల ఓడ నమూనా లేచింది.

ఆ లెక్కకు మొదటి అడ్డంకి సింధులోయ. క్రీ.పూ. 2600 నుంచి 1900 వరకు హరప్పా నగరాలు నిండుగా బతికాయి. మధ్యలో లోకమంతా మునిగిన జాడ అక్కడ లేదు.

రెండో అడ్డంకి ఈ సభ కాళ్లకిందే ఉంది. బీదర్ కోటకు మూడు వరుసల కందకాన్ని తొలిచింది ఎర్రరాతిలో. బహమనీల నాటి నౌబాద్ సురంగ బావినీ ఆ రాతిలోనే తవ్వారు. దక్కన్ నల్లరాయి వానకూ ఎండకూ మగ్గి, అందులోని సిలికా నీటితో కొట్టుకుపోగా, ఇనుమూ అల్యూమినియమూ మిగిలితే ఏర్పడిన రాయి ఇది. ఆ నల్లరాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొంగిన లావా. దాని వయసు చెప్పేది రాతిలోని పొటాషియం-40. అది ఎక్కువగా కాల్షియంగా, కొంత ఆర్గాన్‌గా మారుతూ సగానికి తగ్గడానికి సుమారు 125 కోట్ల ఏళ్లు పడుతుంది.

లావా పొరల మధ్య ఏముందో వెతికినవాళ్లలో ముందువరసలో నిలిచింది ఒక పాదిరీయే. స్కాట్లండ్ ఫ్రీ చర్చి మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ నాగపూర్‌లో సువార్త చెబుతూ, బడి నడుపుతూ, సాటి మిషనరీ రాబర్ట్ హంటర్‌తో కలిసి కొండలు తిరిగాడు. నల్లరాతి పొరల నడుమ మంచినీటి నత్తలు దొరికాయి. 1860లో రాజమండ్రి పక్కన కాతేరు శిలాజాల గురించీ రాశాడు. అవి ఏరు సముద్రంలో కలిసేచోట బతికే జాతులు.

లావా చల్లారాలి. దాని మీద మన్ను కట్టాలి. గుంటలో నీరు నిలవాలి. నత్తలు పుట్టి, పెరిగి, పిల్లలు పెట్టాలి. ఆ తరువాతే మరో లావా రావాలి. ఇదంతా ప్రళయపు నీటి అడుగున ఒక్క ఏడాదిలో జరిగేది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ను ముంచి వేలమందిని బలిగొంది. వరద తగ్గాక మిగిల్చింది బురదా శిథిలాలూ. వరద వదిలే గుర్తు అలా ఉంటుంది.

రాళ్లను చదివినందుకు హిస్లాప్ బోధన మానలేదు. 1863లో టాకల్‌ఘాట్ దగ్గర పురాతన రాతి వలయాలు చూసి తిరిగివస్తూ, పొంగిన వాగులో మునిగి చనిపోయేదాకా మిషనరీగానే ఉన్నాడు. భూమి వయసు ఒప్పుకుంటే విశ్వాసం కూలుతుందని పిల్లలను భయపెట్టేవారికి ఆయన జీవితాన్ని చూపాలి.

ఆ పని రచయితలది. కాతేరు నత్తల కథ, బీదర్ ఎర్రరాతి కథ సండేస్కూలు పిల్లలకూ సర్కారు బడి పిల్లలకూ అర్థమయ్యే తెలుగులో రావాలి. ఎవరి భక్తినీ కించపరచకుండా, ఏ సంగతినీ దాచకుండా వాటిని రాసే బాధ్యత ఈ సభలోని యువ రచయితలు తీసుకోవాలని అధ్యక్షస్థానం కోరుతోంది. సభ ముగిశాక ప్రతినిధులు నౌబాద్ వెళ్లి, సురంగ బావి గోడను చేత్తో తడిమి రావాలని కూడా మనవి.