సాంచాల ఊరు చెప్పే పాఠం



మీరు పట్టాలు అందుకుంటున్న ఈ సభ జరుగుతున్న వేళ కూడా భివండిలో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆడుతూనే ఉన్నాయి. పడుగులో ఒక పోగు తెగితే కార్మికుడు సాంచా ఆపుతాడు. వంగి కొస వెతుకుతాడు, ముడి వేస్తాడు, అచ్చులోంచి పోగు లాగి మళ్ళీ నడుపుతాడు. కూలి మీటరు లెక్కన కాబట్టి ఆగిన ప్రతి నిమిషం సంపాదనలో కోతే. పక్కపక్క సాంచాల మీద ఒకే గుడ్డ నేసే ఇద్దరిలో ఒకరు దీన్ని తలరాత అనుకుంటారు, మరొకరు తాతలిచ్చిన విద్య అనుకుంటారు.

కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి ఎందరో పద్మశాలీలు వచ్చి ఇక్కడి పద్మానగర్‌లో స్థిరపడ్డారు. మార్కండేయుడి కుమారుడు భావనారుషి తామర తూడుల నారతో దేవతలకు వస్త్రం నేశాడన్నది వారి నమ్మకం. ఆ మార్కండేయుడికి విధి రాసిన ఆయుష్షు పదహారేళ్ళే. యముడు పాశం విసిరినా ఆ బాలుడు శివలింగాన్ని వదల్లేదు, చివరికి శివుడే కాపాడాడు. ఈ కథ విని ఒకరు, రాత మార్చాల్సింది దేవుడేనని చేతులు కట్టుకుని కూర్చుంటారు. ఇంకొకరు ఆ పిల్లవాడి పట్టుదలను తలుచుకుని లేచి నిలబడతారు.

అమెరికాలో పరిశోధకులు అమీ రెజ్నెస్కీ, జేన్ డటన్ 2001లో ప్రచురించిన వ్యాసంలోనూ ఇదే తేడా కనిపిస్తుంది. ఒకే ఆసుపత్రిలో శుభ్రత పని చేసేవారిలో కొందరికి అది నేల తుడవడమే. మరికొందరు రోగి కోలుకోవడంలో తమకూ భాగం ఉందనుకున్నారు. రోగులను, వారి బంధువులను పలకరించారు. పని ఒకటే అయినా మనుషులు వేరుగా తయారయ్యారు.

అర్థం చేసుకునే తీరు ఊళ్ళను కూడా తయారు చేస్తుంది.

1857 తిరుగుబాటు తర్వాత ఉత్తర భారతం నుంచి మోమిన్ నేతగాళ్ళు భివండికి వచ్చారు. ప్రవక్త సహచరుడు అబూ అయ్యూబ్ అన్సారీ పేరుతో తమ వంశాన్ని చెప్పుకునే అన్సారీలు వీరు. వీరిదీ మగ్గమే, పద్మశాలీలదీ మగ్గమే. అయినా 1970 మే 7న శివాజీ జయంతి ఊరేగింపు ఒకరి కంటికి పండుగ, మరొకరి కంటికి బెదిరింపు అయింది. ఆ రోజు రేగిన అల్లర్లపై జస్టిస్ మదన్ కమిషన్ విచారణ జరిపింది. 1984 మేలో ఊరు మళ్ళీ తగలబడింది. ప్రాణాలు పోయాయి, ఇళ్ళూ సాంచాలూ కాలిపోయాయి.

1988లో ఇక్కడికి వచ్చిన పోలీసు అధికారి సురేష్ ఖోపడే మొహల్లా కమిటీలు ఏర్పాటు చేశారు. హిందువులు, ముస్లింలు, పోలీసులు ఒక్కచోట కూర్చుని వదంతులనూ తగాదాలనూ ముఖాముఖి మాట్లాడుకున్నారు. 1992 డిసెంబరులో, 1993 జనవరిలో పక్కనే ముంబై మండుతుంటే భివండి ప్రశాంతంగా ఉంది. ఆ నాలుగేళ్ళలో ఎవరూ తమ దేవుణ్ణి మార్చుకోలేదు. గల్లీ చివర వినిపించే అడుగుల చప్పుడుకు చెప్పుకునే అర్థం మాత్రం మారింది.

పట్టభద్రులకు ఒక్క విన్నపం. ఈ సాయంత్రం ఇంటికి వెళ్ళాక అమ్మానాన్నల పక్కన కూర్చుని, మార్కండేయుడి కథలో వాళ్ళకు ఏం అర్థమైందో అడగండి. రేపు అవతలి గల్లీ స్నేహితుడి ఇంటికి వెళ్ళి, వాళ్ళ నాన్న సాంచా ముందు నిలబడేటప్పుడు ఏమని తలుచుకుంటాడో అడిగి తెలుసుకోండి.