మాతృధర్మము – పరిచర్య



తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లియందు, విద్య ముగించి ఇంటికి మరలు శిష్యునికి ఆచార్యుడు చేసిన అనుశాసనము కలదు. తల్లిని, తండ్రిని, గురువును, అతిథిని దైవముగా భావింపుమని ఆయన ఆదేశము. నలుగురిలో మొదటి స్థానము తల్లిది, నాల్గవ స్థానము అతిథిది. తిథినియమము లేక వచ్చువాడు అతిథి. ఆలోచించినచో రోగిని మించిన అతిథి ఎవరు? జ్వరమునకు వర్జ్యము లేదు, పురిటినొప్పులకు రాహుకాలము లేదు. తన బిడ్డలకు మొదటి దైవమై, ఆ నాల్గవ దైవమునకు జీవితమంతయు సేవచేసిన ఒక తల్లిని నేడు స్మరించుకొందము.

ఆమె దివిసీమలోని ఒక చిన్న ఊరి సర్కారు ఆసుపత్రిలో నర్సు. ఊరివారికి నర్సమ్మగారు. కుటుంబమువారి కోరికపై పేరు చెప్పుట లేదు. చిన్న వయస్సుననే భర్తను కోల్పోయి, ఇద్దరు బిడ్డలను తన జీతముతోనే పెంచినది. ఆ రోజులలో గాజు సిరంజిలను, సూదులను కిరోసిను స్టవ్వుపై నీటిలో మరిగించి వాడెడివారు. నీరు తెర్లిన పిమ్మట కూడ ఆమె గడియారము చూచుచు నిలిచెడిది. ఎవరు తొందరపెట్టినను వినెడిది కాదు. మురికి కత్తితో బొడ్డు కోసినచో పసికందుకు ధనుర్వాతము వచ్చునని ఇంటింటికి తిరిగి చెప్పి, కొత్త బ్లేడును మరిగించి వాడుట మంత్రసానులకు నేర్పినది. బాలింతల, పసికందుల ధనుర్వాతమును మన దేశము నిర్మూలించినట్లు 2015లో ప్రకటింపబడినది. అట్టి ఫలము వెనుక ఇట్టి తల్లుల కాలినడక ఎంతయో కలదు.

1977 నవంబరు 19, కార్తీకమాసము. దివిసీమపై ఉప్పెన విరుచుకుపడి వేల ప్రాణములను బలిగొన్నది. బావులు ఉప్పునీటితోను, కళేబరములతోను చెడిపోయినవి. ఆమె బిడ్డలను పొరుగింట ఉంచి, శిబిరములలో టీకాలు వేయుచు, నీళ్లు కాచి త్రాగుడని చెప్పుచు తిరిగినది. అన్నదానమునకు వెళ్లినవారిలో మేమును ఉండి కన్నులార చూచితిమి.

అయినను కొందరు పెద్దలు ఆమెను గడప దాటి లోనికి రానీయలేదు. రక్తమును, పుండ్లను ముట్టు చేతులు మైలపడినవని వారి భావము. ఈ విషయమున వేదమే మనకు దారి చూపుచున్నది. తైత్తిరీయ సంహిత ఆరవ కాండలో ఒక ఆఖ్యాయిక కలదు. యజ్ఞముయొక్క శిరస్సు తెగినది. దానిని అతికింపుడని దేవతలు వైద్యులైన అశ్వినులను కోరిరి. వారు తమకును సోమములో భాగము అడిగి, శిరస్సును నిలిపిరి. మనుష్యుల నడుమ తిరుగు వైద్యులు గనుక వీరు అపవిత్రులని దేవతలు శంకించిరి. శంకించి వెలివేసిరా? లేదు. బహిష్పవమాన స్తోత్రముతో పవిత్రులను గావించి, ఆశ్వినగ్రహమును వారికి సమర్పించిరి. శుద్ధికి మార్గము కలదు గాని, పొందిన ఉపకారమును త్రోసివేయుటకు మార్గము లేదు.

అచ్చటనే బ్రాహ్మణునికి వైద్యవృత్తి నిషేధింపబడినది గదా యని పండితులు అడుగవచ్చును. నిజమే. కాని ఆ ప్రకరణమే అశ్వినుల చికిత్సాశక్తి మూడు పాళ్లై, ఒకటి అగ్నియందు, ఒకటి జలములయందు, ఒకటి బ్రాహ్మణునియందు నిలిచినదని చెప్పుచున్నది. నిప్పుపై నీరు మరిగించి సూదిని శుద్ధిచేసిన ఆ తల్లి, ఎరిగియో ఎరుగకయో, ఆ అగ్నిని, ఆ జలమునే ఆశ్రయించినది. చరకసంహిత సూత్రస్థానము పరిచారకునికి నాలుగు గుణములు విధించినది: ఉపచారము తెలియుట, దక్షత, రోగియందు అనురాగము, శౌచము. ఏ శౌచము లేదని ఆమెను గడపవద్ద నిలిపిరో, ఆ శౌచమే ఆమె వృత్తికి లక్షణము.

ఇక ఒక కష్టమైన ప్రశ్న. సంవత్సరీకమునాడు ఆమె కుమార్తె మాతో ఇట్లన్నది: "శాస్త్రిగారూ, అమ్మ ఊరందరికీ అమ్మ. దీపావళి రాత్రులు కాలిన గాయాలవాళ్ల దగ్గరే ఉండేది. మాకు మిగిలింది ఎంతండీ?" శాస్త్రవచనము చెప్పి ఆ నోరు మూయించుట తగదు. పసిమనస్సు పడిన కొరత నిజము. కొంతసేపటికి ఆమెయే మరల అన్నది: "ఏ వేళప్పుడు వచ్చినా నూతి దగ్గర స్నానం చేసి, తడి చేత్తో మా నుదురు తాకి చూసేది. మేము నిద్ర నటించేవాళ్లం. ఆ చెయ్యి తగిలాకే నిద్ర పట్టేది."

భక్తులారా! ఆ తల్లి ఊరికి ఇచ్చిన కాలము ఆ బిడ్డల సొత్తు. కావున ఊరు ఋణపడినది ఆమెకు మాత్రమే కాదు, చీకటిలో ఆ చేతికై ఎదురుచూచిన ఇద్దరు పసివారికిని. దేవఋణ, ఋషిఋణ, పితృఋణములను గూర్చి మనము నిత్యము వినుచున్నాము. ఈ ఋణమును కూడ తీర్చుకొనవలెను.

మీ వీధిలో రాత్రి డ్యూటీకి వెళ్లు నర్సమ్మ ఉన్నచో, ఆ పూట ఆమె బిడ్డలకు మీ ఇంట ఇంత అన్నము పెట్టుడు, పాఠము చదివించుడు. ఆసుపత్రినుండి వచ్చిన మనిషిని గడపవద్ద నిలుపక, కాళ్లకు నీళ్లిచ్చి లోనికి పిలువుడు. ఆమెకు సమర్పింపదగిన ఆశ్వినగ్రహము అదియే.

స్వస్తి.