భజన బృందముతో మారిషస్ ద్వీపమునకు



గుడివాడ పోవలెనన్నను వారశూల చూచుకొని బయలుదేరు ఇంట పుట్టినవాడను నేను. ముప్పది రెండేండ్లు బడిలో తెలుగు చెప్పితిని. మారిషస్ ద్వీపమును గోడమీది పటములో బెత్తముతో పిల్లలకు చూపినవాడనే గాని, దాని గట్టున కాలు మోపుదునని కలలోనైన తలపలేదు. అట్టివాడను అఱువది నాలుగవ యేట మా మండవల్లి ప్రాంతపు రామభజన బృందముతో గూడి అచటికి పోయి, పదునొకండు దినములుండి, తిరిగి వచ్చితిని. ఆ ప్రయాణములో మాకు కలిగిన చిక్కులను, మేము చేసిన తెలివితక్కువ పనులను నేడు మీకు విన్నవింతును. ఇందు సాహసకార్యము లేమియు లేవు. పాటలు పాడుటకు దూరదేశము పోవు పదిమందికి రోజును జరుగునవియే ఇవి.

2024వ సంవత్సరమున క్రోధి నామ సంవత్సరపు ఉగాది ఏప్రిల్ 9వ తేదీన వచ్చినది. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వపు సెలవుదినము. అచటి తెలుగువారి సమాజ మొకటి పండుగకు రమ్మని మాకు జాబు వ్రాసెను. మేము తొమ్మండుగురము. పాడువారు అయిదుగురు, మృదంగము వాయించువా డొకడు, హార్మోనియము వాయించు పెద్దాయన యొకరు, తాళములు వేయు కుఱ్ఱవా డొకడు, తొమ్మిదవవాడను నేను. నాకు పాట రాదు. పాటకు ముందు అర్థము చెప్పుటకును, పండుగనాడు పంచాంగము చదువుటకును నన్ను వెంట దీసికొనిరి. మా ఇంటిలో ఈ వయసున సముద్రము దాటుట యేమని సణిగిరి. అంతట బృందమునకు పెద్దయైన గాయకుడు వచ్చి, “మన గుడివాడ పక్కన చౌటపల్లిలో పుట్టిన ఘంటసాలవారు 1971లో అమెరికా, ఇంగ్లండు, జర్మనీ తిరిగి పాడి వచ్చారు గదండీ. మనకు ఈ చెరకు దీవి ఒక లెక్కా, మేష్టారూ?” అని అందఱి నోళ్లును మూయించెను.

ఆ ద్వీపమున తెలుగువా రెట్లు చేరిరని మీలో కొందఱకు సందేహము కలుగవచ్చును. ఆంగ్లేయుల యేలుబడిలో బానిసత్వము రద్దగు కాలమున, చెఱకు తోటలకు పనివారు కావలసి, మన దేశమునుండి ఒప్పందపు కూలీలను ఓడలమీద గొనిపోసాగిరి. 1834 మొదలు 1920 వఱకు అట్లు పోయినవారు నాలుగున్నర లక్షలకు లోటులేదు. మనవారిలో పలువురు కాకినాడకు దక్షిణముననున్న కోరంగి రేవున ఓడ యెక్కిరి. అందుచేత అచట తెలుగువానికి ‘కోరంగి’ యను పేరే పడిపోయెను. 1839 నవంబరు తుపానులో ఆ రేవును ఉప్పెన ముంచెత్తినది. నేడచట మడ అడవియు పక్షులును గలవు. రేవు పోయినను పేరు మాత్రము సముద్రమున కావల నిలిచియున్నది.

ఇక మా చిక్కులు. మొదటిది బొంబాయి విమానాశ్రయముననే ఎదురయ్యెను. మండవల్లి మండలము చిరకాలము కృష్ణా జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లాలో చేరిన సంగతి మీ రెఱిగినదే. మాలో నలుగురి పాసుపోర్టులు అంతకుముందువి, అయిదుగురివి తరువాతివి. మమ్ము బిలిచినవారి జాబులో తొమ్మండుగురును ఒక్క యూరివారని యున్నది. పాసుపోర్టులలో సగమున నొక జిల్లా, సగమున వేఱొక జిల్లా! అచటి యుద్యోగి అనుమానముగా మా మొగములు చూచెను. అతనికి తెలుగు రాదు, నాకు హిందీ అంతంత మాత్రము. “ఊరు కదలలేదు బాబూ, జిల్లా కదిలింది” అని మా గాయకుడు తెలుగుననే చెప్పి రెండు చేతులతో అభినయించెను. ఎవరో మన గోదావరి వైపు పిల్లవాడు వెనుక వరుసలోనుండి దానిని హిందీలో చెప్పుటచే బయటపడితిమి.

రెండవది రవ్వ. మృదంగమునకు ఎడమవైపు తొప్పికి రవ్వను తడిపి ముద్దచేసి అంటింతురు. అది లేనిదే గంభీరమైన నాదము రాదు. పని యయిన పిదప దానిని తీసివేయవలెను. మఱల వాయించునపుడు క్రొత్తది పెట్టవలెను. కావున మా మృదంగము తమ్ముడు బొంబాయి రవ్వను గుడ్డలో మూటగట్టి చేతిసంచిలో నుంచుకొనెను. తనిఖీవారు ఆ మూట విప్పి, ఇదేమని యడిగిరి. “మృదంగానికండి” అని యతడనెను. మృదంగ మేది? అది అప్పటికే సామాను గదిలోనికి పోయినది. వా రేమి చేయుదురు పాపము! వాయిద్యము లేని వాయిద్యకాడు, ఉప్మా చేయని రవ్వ. తుదకీతడు సంచులు పెట్టు ప్లాస్టికు పళ్లెమును బోర్లించి, దానిమీద ఆదితాళపు ముక్క యొకటి వాయించి చూపెను. తనిఖీ చేయువా రిద్దఱు తల లూపి పంపివైచిరి. వెనుక నున్నవారు మాత్రము విసుగుకొనిరి. అదియు న్యాయమే.

బొంబాయినుండి ఆఱు గంటలు ఆకాశమున పోయి తెల్లవాఱుసరికి ద్వీపమున దిగితిమి. దిగీ దిగకముందే మా ఉగాది పచ్చడికి ముప్పు వచ్చెను. మా ఇల్లాండ్రు వేపపువ్వు, పచ్చిమామిడికాయలు, క్రొత్త చింతపండు, చెఱకు ముక్కలు అన్నియు పొట్లములు గట్టి పంపిరి. మొక్కలు, పండ్లు, గింజలు అనుమతిపత్రము లేక ఆ దేశములోనికి తేరాదట. అందులోను చెఱకు! అచటి యుద్యోగిని మా ఉయ్యూరు చెఱకు ముక్కలను రెండు వ్రేళ్లతో నెత్తిపట్టి, పామును చూచినట్లు చూచెను. పరదేశపు చెఱకుతో తెగులు వచ్చెనేని వారి తోటలకు చేటు గదా. ఆమె చేసినది సబబే. బయటికి వచ్చి చూడగా రోడ్డునకు రెండువైపులను కనుచూపు మేర చెఱకే. కొల్లేటికి చేపలు మూటగట్టుకొని పోయినవాని సంగతి మా సంగతి యయ్యెను.

అంతకంటె పెద్దది, నేను నేటికిని తలచుకొని భయపడునది, పెట్టె సంగతి. మృదంగము, హార్మోనియము, తంబుర, పాటల పుస్తకము, పచ్చళ్లు అన్నింటిని దుప్పట్లు చుట్టి ఒక్కటే కఱ్ఱపెట్టెలో సర్దితిమి. ఆ పెట్టె రాలేదు. మేము విమానము మాఱినచోట అది మాఱలేదు. “రెండు మూడు రోజులలో వచ్చును” అని విమానము వారు కాగిత మొకటి యిచ్చి పంపిరి. అందఱము వాయిద్యములను గుఱించి విచారించుచుండగా, హార్మోనియము బావగారు నా భుజము తట్టి మెల్లగా, “మేష్టారూ, నా మందులు కూడా ఆ పెట్టెలోనే పెట్టానండి. భద్రంగా ఉంటాయనుకున్నాను” అనిరి.

ఆయనకు డెబ్బది రెండేండ్లు. చక్కెర వ్యాధి యిరువది యేండ్లనుండి కలదు. దినమునకు రెండు పూటల ఇన్సులిన్ సూది వేసికొనవలెను. ఆ మందును విమానపు సామాను గదిలో నుంచరాదనియు, అచటి చలికి గడ్డకట్టిన గుణము చెడుననియు పిదప వైద్యుడు చెప్పెను. అనగా పెట్టె వచ్చియున్నను ఆ మందు నమ్మదగినది కాదు. వైద్యుని చీటి కూడ పెట్టెలోనే. సాయంకాలమునకు బావగారికి నాలుక యెండిపోవుటయు, మాటిమాటికి నీళ్లడుగుటయు, కన్నులు మూతపడుటయు మొదలయ్యెను. ఆయనను ఈ యాత్రకు ఒప్పించినవాడను నేను. ఆయన కోడలు మా వీధి యరుగుమీద నిలిచి, “మామయ్యగారిని మీ చేతుల్లో పెడుతున్నానండీ” అన్న మాట నా చెవిలో మ్రోగుచుండెను.

మమ్ము ఇంట నుంచుకొన్నవారు ఒక్క నిమిషము జాగు చేయలేదు. ఆ ద్వీపమున ఈ వ్యాధి మిక్కిలి హెచ్చు. వారి యింటిలోనే ముగ్గురకు కలదు. ఆ యింటి పెద్దావిడ తన సూదులను, మందును తెచ్చి చూపినది గాని, వైద్యుని అడుగనిదే వేయరాదని తానే చెప్పి, కారు తీయించి, రాత్రి తొమ్మిది గంటలకు ఆసుపత్రికి పంపినది. అర్ధరాత్రి దాటిన పిదప బావగారు కన్నులు తెఱచి, మొదట అడిగిన మాట, “పెట్టె వచ్చిందా?” అని.

శ్రోతలలో ఎవరైన పెద్దలు దూరప్రయాణము చేయదలచినచో, మందును, చీటిని చేతిసంచిలో నుంచుకొనుడు. ఈ మాట చెప్పుటకే నే నీ ప్రసంగమునకు ఒప్పుకొంటినని యనుకొన్నను అనుకొనుడు.

నా స్వంత తెలివిని గుఱించి యొక్కటి చెప్పవలెను. మఱునాడు మధ్యాహ్నిక సంధ్యకు కూర్చుండబోయి, దిక్కు తెలియక, పెరటిలో నిలువబడి నా నీడను చూచితిని. మన యూరిలో ఉగాది దినములందు మట్టమధ్యాహ్నమున నీడ ఇంచుక ఉత్తరమునకు పడును. దానిని బట్టి తూర్పు నిర్ణయించుకొని, అర్ఘ్యము విడిచి, జపము ముగించితిని. ఆ యింటి పదేండ్ల పాప తలుపు చాటునుండి చూచి, బడిలో నేర్చిన తెలుగును కూడబలుకుకొని, “తాతగారూ, అది పడమర. మాకు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు” అని చెప్పెను. నిజమే. ఆ ద్వీపము భూమధ్యరేఖకు దక్షిణమున ఇరువదవ యక్షాంశమున నున్నది; అచట నీడ దక్షిణమునకు పడును. దానిని ముప్పది రెండేండ్లు పటములో చూపినవాడను నేనే! మఱల కాళ్లు కడుగుకొని అటు తిరిగి కూర్చుంటిని.

ఉగాది సాయంకాలమునకు పెట్టె రాలేదు. ఎరువు హార్మోనియ మొకటి, వారి బృందపు మృదంగ మొకటి దొరకినవి. చేతిసంచిలో మిగిలిన మా శ్రుతిపెట్టెకు మూడు గుండ్రని కొనలు. వారి గోడలోని రంధ్రములు పలకవి. కావున శ్రుతిపెట్టె ప్రేక్షకురాలయ్యెను. గాయకునికి కారులోని చల్లగాలి సోకి గొంతు బొంగురుపోయినది. ఎట్లో మొదలుపెట్టితిమి. నేను ముందుగా లేచి గంభీరముగా ఉపన్యసించితిని. తెలుగు ఉపాధ్యాయు లిద్దఱు తల యూపిరి. తక్కినవారు మర్యాదకు చూచుచుండిరి. వారి యిండ్లలో మాటలాడు భాష క్రియోలు. తెలుగు బడిలోను, పూజలోను వినునది. నా సమాసములు వారి కేల?

పాటలును అంతే. ఈ నడుమ మన భజనలలో సినిమా వరుసలు ప్రబలినవని మీకు తెలియును. మావారును అవియే పాడిరి. చప్పట్లు వచ్చినవి గాని, ఆ చప్పట్లలో వేడి లేదు. నాలుగు పాట లయిన పిదప మా యింటి పెద్దావిడ లేచి వేదిక దగ్గఱకు వచ్చి, “దీపం చుట్టూ తిరిగి పాడేది పాడండి. మా అవ్వ మీ దేశం నుంచి తెచ్చింది అదే” అని యడిగెను. వారి రామభజనము దీపమును నడుమ నుంచి, చుట్టును తిరుగుచు, రాత్రి చాల ప్రొద్దుపోవువఱకు సాగునది. మా యూళ్లలోను వెనుక ఏకాహములందు అఖండదీపము చుట్టును అట్లే పాడెడివారు. ఆ వరుసలు మాలో ఎవరికి వచ్చును? అయిదుగురు గాయకులు ఒకరి మొగ మొకరు చూచుకొనిరి. సిగ్గుతో నాకు చెమట పట్టినది.

బావగారికి వచ్చును. ఆయన చిన్ననాడు కొల్లేటి లంకలలో తండ్రితో ఏకాహములకు తిరిగినవారు. వైద్యుడు పాడవద్దనలేదు గాని, శ్రమపడవద్దనెను. నేను వలదని సైగ చేసితిని. ఆయన నా వైపు చూడనట్లు నటించి, హార్మోనియమును ప్రక్కకు జరిపి, దీపము దగ్గఱకు నడచిరి. గొంతు సన్నగా, కొంచెము వణకుచు లేచినది. రెండవ చరణము చేరునప్పటికి వారి మృదంగము వాయించువాడు, పగలు బస్సు నడుపువాడట, ఆ నడకను పట్టుకొనెను. మూడవ మాఱు పల్లవికి ఆ పెద్దావిడ గొంతు కలిపినది. ఆమె పాడినది వేఱొక వరుస. కాని రెండును ఒక చోట కలిసి, మఱల విడిపోవుచుండెను. పిదప ఎందఱు తిరిగిరో నేను లెక్కింపలేదు. నా చూపంతయు బావగారి కాళ్లమీదనే యుండెను. మూడు పాటలకు ఆపి కూర్చుండబెట్టితిని. నాతో రెండు దినములు మాటలాడలేదు.

తరువాతి దినమున మమ్ము పోర్టు లూయీ రేవునకు గొనిపోయి, వెనుకటి కూలీలు ఓడ దిగి యెక్కిన పదునాఱు రాతిమెట్లను చూపిరి. 2006లో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. బావగారు పదునాఱు మెట్లును ఎక్కి, దిగి, ఆ పెద్దావిడ యిచ్చిన మందు సంచిని మాత్రము చేయి విడువలేదు.

పదునొకండవ తేదీన పెట్టె వచ్చినది. మృదంగము క్షేమము. హార్మోనియమునకు రెండు మెట్లు పలుకవు. పండుమిరప గోంగూర పచ్చడి సీసా పగిలి, నూనె యంతయు పాటల పుస్తకములోనికి దిగినది. అందు సినిమా వరుసల పుటలన్నియు అంటుకొనిపోయినవి. ఆ పుస్తకము మా రామమందిరముననే యున్నది. బావగారు ఇపుడు దాని వెనుక మిగిలిన తెల్లకాగితములమీద పాత వరుసలను నాచేత వ్రాయించుచున్నారు. ఏ పుట తెఱచినను ఇంగువ వాసన వచ్చును.