ఆపరేషన్ ఒక్కరోజు, ఆసరా జీవితాంతం

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గుండె జబ్బుకో, కిడ్నీ జబ్బుకో సాయం అడిగితే మనం వెనకాడం. అదే బరువు తగ్గే ఆపరేషన్‌కు సాయం కావాలని దిల్‌సుఖ్‌నగర్ నుంచో, ఎల్బీ నగర్ నుంచో ఎవరైనా వస్తే, "తిండి తగ్గించుకుంటే సరిపోదా?" అనే మాట ముందు వస్తుంది. ఆ మాట గురించే ఇవాళ మనవి చేయాలనుకుంటున్నాం.

మితంగా తినమని మన దీన్ నేర్పింది. ఆ బోధ మనం పాటించడానికే గానీ, ఎదుటివారిని ఎగతాళి చేయడానికి కాదు. తీవ్రమైన స్థూలకాయం ఒక జబ్బు. వంశపారంపర్యం, హార్మోన్ల తేడాలు, కొన్ని రకాల మందులు, నిద్రలేమి, రోజంతా కూర్చుని చేసే పని, అన్నీ దీనికి కారణాలే. కష్టపడి బరువు తగ్గించుకున్నా శరీరం ఆకలిని పెంచి, పోయిన బరువును మళ్లీ తెచ్చుకోవాలని చూస్తుంది. అందుకే కొందరికి పథ్యం, నడక మాత్రమే చాలవు.

ఎవరికి ఈ ఆపరేషన్ అవసరమో డాక్టర్లు బీఎంఐ లెక్కతో చూస్తారు. కిలోల బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేదే బీఎంఐ. ఆరోగ్య బీమాకు నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 18 ఏళ్లు నిండి, బీఎంఐ 40 ఉండాలి. అదుపులోకి రాని షుగరు, గుండె జబ్బు, నిద్రలో ఊపిరి ఆగిపోయే తీవ్ర సమస్య వంటివి ఉండి, ఇతర చికిత్సలు ఫలించకపోతే 35 చాలు. 160 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి 40 అంటే సుమారు 102 కిలోలు. పాలసీ ఉన్నవారు ముందు దాని షరతులు, వెయిటింగ్ పీరియడ్ కనుక్కోవాలి.

స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో ముప్పాతిక భాగానికి పైగా తీసేస్తారు. బైపాస్‌లో జీర్ణాశయాన్ని చిన్న సంచిలా చేసి, చిన్నపేగుకు కలుపుతారు. చాలామందికి షుగరు, బీపీ మందులు తగ్గుతాయి. అయితే ఇది పెద్ద ఆపరేషనే. రక్తస్రావం, కుట్ల దగ్గర లీకేజీ వంటి ప్రమాదాలు లేకపోలేదు. పెళ్లి సంబంధం కుదరడం లేదని చేయించే ఆపరేషన్ కాదిది.

డబ్బున్నవాళ్ల వైద్యం అనే అపోహా వద్దు. 2023లో ఉస్మానియా జనరల్ ఆసుపత్రి వైద్యులు 240 కిలోల బరువున్న యువకుడికి ఈ ఆపరేషన్ చేశారు. మన ప్రాంతం నుంచి మెట్రోలో ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగితే ఆ ఆసుపత్రి దగ్గరే. పేదవారిని మొదట అక్కడ చూపించి, డాక్టర్లు ఏం చెబుతారో తెలుసుకుందాం.

దాతలకు మా ముఖ్యమైన విన్నపం ఇది. ఆపరేషన్ ఖర్చు అందరికీ కనిపిస్తుంది, తర్వాతి ఖర్చు కనిపించదు. బి12, ఐరన్, కాల్షియం, డి విటమిన్ మాత్రలు, రక్తపరీక్షలు జీవితాంతం ఉంటాయి. మాత్రలు మానేస్తే రక్తహీనత, ఎముకల బలహీనత, నరాల జబ్బు వస్తాయి. ఆపరేషన్ అయిన స్త్రీలు ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. రమజాన్ ఉపవాసాలు ఎప్పటినుంచి ఉండవచ్చో డాక్టరునే అడగాలి. ఇఫ్తార్‌లో బలవంతంగా ఇంకో గ్లాసు షర్బత్ ఇవ్వడం ప్రేమ కాదు. బైపాస్ అయినవారికి తీపి ఎక్కువైతే గుండెదడ, కళ్లు తిరగడం, విరేచనాలు రావచ్చు.

కాబట్టి ఒక మనిషి ఆపరేషన్‌కు చేయి అందిస్తే, ఆ మనిషి మందులకూ పరీక్షలకూ కొంత సొమ్ము వేరుగా తీసిపెడదాం. జకాత్‌కు ఎవరు అర్హులో ఉలమాలను అడుగుదాం. మిగిలినవారికి సదఖా ఉంది. ఒక్కసారి ఇచ్చే పెద్ద మొత్తం ఎంత గొప్పదో, నెలనెలా తప్పకుండా వచ్చే చిన్న మొత్తమూ అంతే విలువైనది.

అల్లాహ్ రోగులందరికీ షిఫా ప్రసాదించుగాక, మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.