చలికాలం – సముద్రతీరం – మనం
(విశాఖపట్నంలో జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఉదయం ఎనిమిది గంటలకే మొదలయ్యే మన జనవరి సమావేశాన్ని ఈసారి పదిన్నరకు మార్చమని కోరినవాణ్ణి నేనే. రిటైరయ్యాక ఈయనకు బద్ధకం పెరిగిందని కొందరు అనుకొని ఉండవచ్చు. ఆ మార్పుకు కారణం మనవి చేసుకోవడానికే ఇక్కడ నిలబడ్డాను.

నేను సర్వీసంతా వాతావరణ పరిశీలన కేంద్రాల్లో థర్మామీటర్లు చూసి అంకెలు వేసినవాణ్ణి. కొన్నేళ్ల క్రితం ఇటువంటి చలిరోజుల్లోనే ఒక మిత్రుడు ఫోన్ చేసి, "పేపర్లో పదహారు డిగ్రీలని వేశారు. రేపు తెల్లవారుజామున నడకకు వెళ్లవచ్చా?" అని అడిగారు. "ఢిల్లీవాళ్లు ఏడెనిమిది డిగ్రీల్లో తిరుగుతున్నారు, సముద్రం పక్కనున్న మనకు పదహారు ఒక లెక్కా, నిక్షేపంగా వెళ్లండి" అన్నాను. ఆయన నాలుగున్నరకు బయలుదేరారు. ఆరు గంటలకు గుండె బరువెక్కి ఆస్పత్రిలో చేరారు. దేవుడి దయవల్ల కోలుకున్నారు. ఇవాళ ఈ సభలోనే ఉన్నారు, పేరు మాత్రం చెప్పవద్దన్నారు. చలి ఒక్కటే కారణమని ఏ డాక్టరూ అనలేదు. కాని నా సలహా తప్పని నాకు తెలుసు. ఎక్కడ తప్పానో చెబుతాను.

మొదటి పొరపాటు, అంకెను మాత్రమే చూడటం. పేపర్లో వేసే కనిష్ఠ ఉష్ణోగ్రత పక్కన, సాధారణం కంటే ఎంత తక్కువో కూడా చాలాసార్లు ఇస్తారు. మనం చూడవలసింది దాన్ని. సాధారణం అంటే ముప్పై ఏళ్ల సగటు. ఇప్పుడు 1991 నుంచి 2020 వరకు ఉన్న లెక్కలను తీసుకుంటున్నారు. మైదాన ప్రాంతంలో కనిష్ఠం 10 డిగ్రీలకు గాని అంతకంటే కిందికి గాని దిగి, సాధారణం కంటే కనీసం నాలుగున్నర డిగ్రీలు తగ్గితే చలిగాలులని ప్రకటిస్తారు. తీరంలోని కేంద్రాలకు మాత్రం ఆ హద్దు 15 డిగ్రీలే. అంటే, మైదానంలో పదికి పడే గంట మనకు పదిహేనుకే పడుతుందని వాతావరణ శాఖ నిబంధనలోనే ఉంది. ఎందుకంటే మన ఒళ్లు, మన బట్టలు, మన ఇళ్లు అన్నీ ఎండకు అలవాటుపడ్డవి. గాలి ఆడాలని వెంటిలేటర్లు పెట్టి కట్టుకున్న ఇళ్లు మనవి.

రెండో పొరపాటు, సముద్రం మనల్ని కాపాడుతుందనుకోవడం. పగటిపూట అది నిజమే. నీరు నెమ్మదిగా వేడెక్కి, నెమ్మదిగా చల్లారుతుంది. నేల అలా కాదు, పొద్దుగూకగానే చల్లబడిపోతుంది. అందుచేత రాత్రివేళ గాలి నేల మీదినుంచి సముద్రం వైపు వీస్తుంది. తెల్లవారుజామున బీచిలో నిలబడితే మన ముఖానికి తగిలేది సముద్రపు వెచ్చదనం కాదు, రాత్రంతా చల్లారిన నేల మీదుగా వచ్చిన గాలి. ఉత్తరాదిన పశ్చిమ అలజడి ఒకటి దాటిపోయాక పొడిగాలులు దక్షిణానికి దిగినప్పుడు ఈ చలి మరింత పెరుగుతుంది.

మబ్బుల సంగతి కూడా తెలుసుకోవాలి. మబ్బు రాత్రికి దుప్పటి వంటిది. నేల వేడిని పైకి పోనివ్వదు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉన్న రోజుల్లో పగలు ఎండలేక వణికినా, రాత్రి ఉష్ణోగ్రత అంతగా పడిపోదు. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అటువంటి వానరోజుల చలి వేరు, సంక్రాంతి నాటి చలి వేరు. ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి కదలక, నక్షత్రాలు మిలమిలలాడుతుంటే ఆ తెల్లవారుజామున చలి గట్టిగా ఉంటుందని ఏ యంత్రమూ లేకుండానే చెప్పవచ్చు.

మూడో పొరపాటు, ఊరంతటికీ ఒకే అంకె అనుకోవడం. మన విశాఖలోనే వాల్తేరులో ఒక కేంద్రం, విమానాశ్రయంలో ఒక కేంద్రం ఉన్నాయి. చలికాలపు తెల్లవారుజామున విమానాశ్రయం అంకె వాల్తేరు అంకెకంటే రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉండటం మామూలే. వాల్తేరు కొంచెం మెరక, సముద్రానికి దగ్గర. విమానాశ్రయం కొండల నడుమ పల్లం. చల్లగాలి బరువైనది, నీటిలాగే పల్లానికి చేరుతుంది. ఇక కిలోమీటరు ఎత్తు ఎక్కితే సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. అందుకే అరకు, చింతపల్లి, లంబసింగిలలో చలి అంత ఎక్కువ. మనవలు లంబసింగి మంచు చూద్దామని బతిమాలితే వెళ్లండి, కాని ఉన్ని దుస్తులు, మందులు చేత ఉంచుకోండి. పొగమంచు సూర్యోదయానికి ముందూ తర్వాతా కాసేపు దట్టంగా ఉంటుంది. ఆ వేళకు ఘాట్ రోడ్డు మీద గాని, హైవే మీద గాని ఉండకుండా ప్రయాణం పెట్టుకోండి.

మేము కనిష్ఠం చదివేది ఉదయం ఎనిమిదిన్నరకు. ఆ థర్మామీటరు నేలకు నాలుగడుగుల ఎత్తున, తెల్లరంగు చెక్కపెట్టెలో ఉంటుంది. మనం నడిచే పచ్చిక దగ్గర చలి అంతకంటే ఎక్కువే. ఆ కనిష్ఠం సాధారణంగా నమోదయ్యేది సూర్యోదయం వేళకు. డిసెంబర్ 22 తర్వాత పగలు పెరుగుతుందన్నది నిజమే. కాని మన ప్రాంతంలో జనవరి మూడోవారం వరకు సూర్యోదయం ఇంకా ఆలస్యమవుతూనే ఉంటుంది. కనుక వేసవిలో అయిదింటికి లేచే అలవాటును ధనుర్మాసానికి యథాతథంగా తెచ్చుకోకూడదు.

వయసు మీరాక చలి తగిలిన సంగతి ఒంటికి ఆలస్యంగా తెలుస్తుంది. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది. పైగా ఇటువంటి ఉదయాల్లో చల్లగాలి కింద, వెచ్చగాలి పైన ఉండి మూతలాగా పనిచేస్తుంది. పొగ, దుమ్ము పైకి పోలేక మనం పీల్చే గాలిలోనే నిలుస్తాయి. ఉబ్బసం ఉన్నవారు ఇది మరీ గుర్తుంచుకోవాలి. దాహం వేయడం లేదని నీళ్లు తగ్గించవద్దు. బి.పి. మాత్రలు సొంతంగా మార్చవద్దు, డాక్టరును అడగండి. గుండెలో బరువు, చెమట, ఆయాసం వస్తే గ్యాస్ అనుకొని ఇంట్లో కూర్చోవద్దు.

మరొక్క మాట, ఇది సోదరీమణులకు ప్రత్యేకంగా. తలుపులూ కిటికీలూ బిగించి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకోవద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. భోగిమంట వాకిట్లోనే ఉండాలి.

సూచనలను ఎంతవరకు నమ్మవచ్చునని అడుగుతుంటారు. రేపటి కనిష్ఠాన్ని బాగా నమ్మవచ్చు. నాలుగైదు రోజుల సూచన ఏర్పాట్లు చేసుకోవడానికి పనికివస్తుంది. రెండు వారాల ముందుచూపు సాధారణం కంటే ఎక్కువా తక్కువా అన్న ధోరణినే చెబుతుంది, ఫలానా రోజు ఇంత అని కాదు. పసుపు రంగు హెచ్చరిక వస్తే గమనిస్తూ ఉండాలి, నారింజ వస్తే సిద్ధంగా ఉండాలి, ఎరుపు వస్తే జాగ్రత్తలు వెంటనే అమలు చేయాలి.

నడక మానమని నేను చెప్పడం లేదు. ఎండ వచ్చాక నడవండి, చెవులు కప్పుకోండి. లైఫ్ సర్టిఫికెట్ కోసం పొద్దున్నే క్యూలో నిలబడే అవసరం కూడా 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక చాలావరకు తగ్గింది. ఒంటరిగా ఉండే సభ్యులకు, మనలో దగ్గరున్నవారు ఈ నెలరోజులూ ఉదయం ఒక్క ఫోన్ చేస్తే ఎంతో మేలు. ఆనాడు ఫోన్‌లో తప్పు సలహా ఇచ్చిన నేను, అదే మిత్రుడికి ఇప్పుడు రోజూ ఎనిమిదిన్నరకు ఫోన్ చేస్తున్నాను. పాత డ్యూటీ వేళ కదా, మరచిపోను.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దలమాట. అప్పటివరకు ఉదయాన్ని రెండు గంటలు వెనక్కి జరుపుకోమని నా ప్రార్థన.