జంట దీవులు: స్వరాజ్ ద్వీప్, శహీద్ ద్వీప్

సముద్రం అనగానే మనలో ఒక్కొక్కరికి ఒక్కో తీరం గుర్తుకొస్తుంది. బరంపురం వారికి గోపాలపూర్, యానాం వారికి గోదావరి కడలిలో కలిసే చోటు, మద్రాసు వైపు వారికి మెరీనా. బళ్ళారి, హోసూరు, చంద్రపూర్ ప్రాంతాల వారికైతే సముద్రమంటే సెలవుల్లో చేసే ప్రయాణం. మనకు తెలిసిన ఈ తూర్పు తీరంలో మోకాలి లోతు నీళ్ళలో దిగితే, సాధారణంగా మన పాదాలు మనకు కనబడవు. నదులు తెచ్చే ఒండ్రు, అలలు రేపే ఇసుక నీటిని మసకబారుస్తాయి. కాని బంగాళాఖాతం దాటి సుమారు 1200 కిలోమీటర్లు వెళ్తే, ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి కూడా కాలి వేళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. అలాంటి నీళ్ళ నడుమ, అండమాన్‌లో పక్కపక్కనే ఉన్న రెండు దీవుల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. అక్కడ ఏమి చూడవచ్చో, ఎలా చూడాలో, ఆ అందం మన తరువాతి వారికి మిగలాలంటే మనం ఏమి చేయాలో చెప్పుకుందాం.

ముందు పేర్ల సంగతి. ఈ దీవులను చాలాకాలం హావెలాక్, నీల్ అని పిలిచారు. హావెలాక్, నీల్ 1857 పోరాటాన్ని అణచడానికి వచ్చిన ఇద్దరు ఆంగ్లేయ సేనాధిపతులు. ఇద్దరూ ఆ ఏడాదే లక్నోలో మరణించారు. వీరిలో నీల్ మద్రాసు ఫ్యూజిలియర్స్ దళానికి నాయకుడు. అలహాబాదు ప్రాంతంలో అతను సాగించిన క్రూరత్వం చరిత్రకెక్కింది. అతని విగ్రహం మద్రాసు మౌంట్ రోడ్డులో ఉండేది. దాన్ని తీసివేయాలని 1927లో సత్యాగ్రహం జరిగింది. చివరకు 1937లో రాజాజీ ప్రభుత్వం దాన్ని అక్కడినుంచి తొలగించింది. దీవి పేరు మారడానికి మాత్రం మరో ఎనభై ఏళ్ళు పట్టింది. నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరవేసి 75 ఏళ్ళు నిండిన సందర్భంగా, 2018 డిసెంబరు 30న హావెలాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ శహీద్ ద్వీప్ అయింది. 2024లో పోర్ట్ బ్లెయిర్ పేరును కూడా శ్రీ విజయపురంగా మార్చారు. అయినా పడవల రేవులో పాత పేర్లే ఎక్కువగా వినబడితే ఆశ్చర్యపోకండి.

శ్రీ విజయపురం నుంచి ఈశాన్యంగా, పడవలో సుమారు రెండు గంటల ప్రయాణం స్వరాజ్ ద్వీప్. రెండింటిలో ఇదే పెద్దది. దేశ విభజన తరువాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులకు ప్రభుత్వం ఇక్కడ భూములిచ్చి స్థిరపరచింది. గోవిందనగర్, విజయనగర్, శ్యామ్‌నగర్, కృష్ణనగర్, రాధానగర్ అన్నవి వారి ఊళ్ళు. వరిపొలాలు, పోకతోటలు, కొబ్బరిచెట్ల మధ్యనుంచి సాగే దారి పడమటి ఒడ్డున రాధానగర్ బీచి దగ్గర ముగుస్తుంది. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మేలైన తీరమని దీన్ని మెచ్చుకుంది. తెల్లని మెత్తని ఇసుక, వెనుక గోడ కట్టినట్టు ఎత్తయిన అడవి. ఆ అడవికీ ఇసుకకూ మధ్య హోటళ్ళు నిలబడి లేకపోవడమే ఆ తీరానికి అందం.

ఆ ఇసుక ఎక్కడిదో తెలుసా? మన గోదావరి ఇసుకలాగా కొండరాళ్ళు అరిగి వచ్చినది కాదు. అందులో చాలా భాగం పగడాలూ గవ్వలూ పొడి అయినదే. చిలక చేప అని ఒకటుంది. చిలక ముక్కులాంటి పళ్ళతో పగడపు రాతిని కొరికి, దానిమీది నాచును తిని, మిగిలిన పిండిని ఇసుకగా విసర్జిస్తుంది. అంటే ఆ తీరాన్ని కొంతవరకు చేపలే తయారు చేశాయన్నమాట.

తూర్పు ఒడ్డున కాలాపత్తర్ బీచి ఉంది. నల్లరాళ్ళు, పచ్చని నీళ్ళు, ఉదయించే సూర్యుడు. ఇక్కడ ఒక మాట. మన దేశపు గడియారానికి ఆధారమైన రేఖాంశం కాకినాడ, యానాం పరిసరాలనుంచే పోతుంది. ఈ దీవులు దానికి పది డిగ్రీలకు పైగా తూర్పున ఉన్నాయి. అందుకని గడియారం ఒకటే అయినా, యానాంలో కంటే ఇక్కడ పొద్దు ఇంచుమించు నలభై నిమిషాలు ముందు నడుస్తుంది. తెల్లవారు జామున లేవని వారికి సూర్యోదయం దక్కదు. చలికాలంలో సాయంత్రం అయిదు దాటితే చీకటి పడిపోతుంది.

ఎలిఫెంట్ బీచి పేరు వెనుక ఒక కథ ఉంది. అడవుల్లో దుంగలు లాగడానికి ఒకప్పుడు ఏనుగులను అండమాన్‌కు తీసుకువచ్చారు. అవి సముద్రంలో ఈదడం కూడా నేర్చాయి. వాటిలో రాజన్ అనే ఏనుగు ఈత ప్రపంచ ప్రసిద్ధమైంది. రాజన్ 2016లో ఈ దీవిలోనే కన్నుమూసింది. ఇప్పుడు అక్కడికి పడవలోనో, అడవి దారిన కాలినడకనో వెళ్ళి, కళ్ళకు అద్దాలు, నోటికి గొట్టం తగిలించుకుని నీటి అడుగున పగడాలను చూస్తారు. దీన్నే స్నార్కెలింగ్ అంటారు. ఈత రాని వారిని గాలి నింపిన రబ్బరు చక్రం పట్టించి తీసుకువెళతారు.

ఇక శహీద్ ద్వీప్. చిన్న దీవి. సైకిలు మీద ఒక్క రోజులో చుట్టి రావచ్చు. అండమాన్ మార్కెట్లకు కూరగాయలు పండించి పంపే దీవిగా దీనికి పేరు. ఊళ్ళ పేర్లు వింటే రామాయణం చదివినట్టుంటుంది: సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. సూర్యోదయం సీతాపూర్‌లో, సూర్యాస్తమయం లక్ష్మణ్‌పూర్‌లో చూడాలి. రేవుకు దగ్గరగా ఉన్న భరత్‌పూర్‌లో అడుగున గాజు బిగించిన పడవలుంటాయి. ముసలివారూ పసిపిల్లలూ బట్టలు తడవకుండా పగడాలు చూడవచ్చు.

అన్నిటికంటే చూడదగ్గది అక్కడి సహజ శిలాతోరణం. సముద్రం తొలిచిన రాతి వంతెన. బెంగాలీ వారు దాన్ని ముద్దుగా హౌరా బ్రిడ్జి అంటారు. దాని దగ్గరకు చేరాలంటే ఆటు వేళ, అంటే నీరు వెనక్కి తీసినప్పుడు వెళ్ళాలి. ఈ వేళ రోజుకు దాదాపు యాభై నిమిషాలు జరుగుతూ ఉంటుంది. పున్నమి, అమావాస్యల దగ్గర నీరు మరింత దూరం తీస్తుందని మన మత్స్యకారులకు వేరే చెప్పనక్కరలేదు. ఆ వేళ రాళ్ళ గుంటల్లో నక్షత్ర చేపలు, సముద్ర దోసకాయలు, పీతలు, రంగురంగుల చిన్న చేపలు కనబడతాయి. పోటు వచ్చేలోగా తిరిగి రావాలి.

శ్రోతలారా, ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. పగడం రాయి కాదు, చెట్టూ కాదు. సూదిమొనంత చిన్న జీవులు గుంపుగా చేరి కట్టుకున్న ఇల్లు. గుండ్రని పగడపు బండ ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతుంది. అంటే మనిషి ఎత్తు బండకు వందేళ్ళకు పైగా వయసుంటుంది. ఆ జీవుల ఒంట్లో కంటికి కనబడని నాచు ఉంటుంది. వాటికి రంగూ తిండీ ఇచ్చేది అదే. సముద్రపు నీరు మామూలు కంటే ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి వారాల తరబడి అలాగే ఉంటే, ఆ నాచు బయటికి పోతుంది. పగడం సున్నం వేసినట్టు తెల్లబడుతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, తగ్గకపోతే ఆకలితో చస్తుంది. అండమాన్ పగడాలకు 1998లో, 2010లో, 2016లో ఈ దెబ్బ తగిలింది. 2010లో తగిలినది చాలా పెద్దది.

ఇది యాత్రికుల వేడుకకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. పగడాల మధ్యనే ఎన్నో చేపలు గుడ్లు పెట్టి పెరుగుతాయి. అలల వేగాన్ని విరిచేది కూడా ఆ దిబ్బలే. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వెళ్ళి వేట మీద బతుకుతున్న కుటుంబాలు వారిలో ఎన్నో ఉన్నాయి. పగడం పోతే వారి వలలోకి వచ్చే చేప కూడా తగ్గుతుంది.

సముద్రపు వేడిని మనం ఒక్కరమే తగ్గించలేం. కాని దెబ్బ తిని కోలుకుంటున్న పగడం మీద కాలు పెట్టకుండా ఉండగలం. నీటిలో అలసట వస్తే ఇసుక మీదే నిలబడండి. ఒంటికి నూనెలు, క్రీములు పట్టించే బదులు పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. చేపలకు బిస్కెట్లు వేయకండి. ఒడ్డున చచ్చి పడి ఉన్నదైనా సరే, పగడపు ముక్కను సంచిలో వేసుకోకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, విమానాశ్రయంలో సంచులు తనిఖీ చేస్తారు. ఈ దీవుల్లో పెద్ద నదులు లేవు, తాగే నీరు వానదే. కాబట్టి నీళ్ళు పొదుపుగా వాడండి.

మీ క్షేమం కోసం మరో మాట. మడ అడవుల కాలవల్లో ఉప్పునీటి మొసళ్ళుంటాయి. 2010లో రాధానగర్ పక్కనున్న చోట ఒక విదేశీ యాత్రికురాలు మొసలి బారిన పడి మరణించారు. హెచ్చరిక బోర్డు ఉన్నచోట నీళ్ళలోకి దిగవద్దు.

ప్రయాణానికి జనవరి నుంచి ఏప్రిల్ వరకు మంచి కాలం. చెన్నై నుంచి విమానంలో రెండు గంటలకు కాస్త ఎక్కువ, ఓడలో సుమారు మూడు రోజులు. ఈ రెండు దీవులకు మన దేశస్థులకు ప్రత్యేక అనుమతి అక్కరలేదు, గుర్తింపు కార్డు ఉంటే చాలు. సముద్రం పోటెత్తితే పడవలు ఆగిపోతాయి. అందుచేత తిరుగు విమానానికి ఒక రోజు ముందే శ్రీ విజయపురం చేరుకునేలా ఏర్పాటు చేసుకోండి.

స్వరాజ్ ద్వీప్‌లో రెండు రోజులు, శహీద్ ద్వీప్‌లో ఒక రోజు చాలు. పిల్లలను తీసుకువెళ్ళండి. పగడం బతికి ఉన్న జీవి అని వారు ఒక్కసారి కళ్ళారా చూస్తే, దాన్ని తొక్కకూడదని వారికి మళ్ళీ చెప్పవలసిన పని ఉండదు.