చలిదేశాలలో బండి



ఉగాది ఎండలో చలిమాట ఏమిటని నవ్వకండి. మహదేవపురలో బండికి చలిబాధ లేదు. 1884 జనవరిలో 7.8 డిగ్రీలకు దిగడమే బెంగుళూరు రికార్డు. కాని మన పిల్లలు కొందరు విన్నిపెగ్‌లో ఉన్నారు, కొందరు లడఖ్‌కు బండ్లమీద పోతున్నారు. అక్కడ దారిలో ఇంజను మొరాయిస్తే ప్రాణానికే ముప్పు. అందుకే మేము ఈ నాలుగు మాటలు చెప్పవచ్చాము.

చలికి ఆయిలు చిక్కబడుతుంది. పలుచని జీరో-డబ్ల్యూ రకం పోయాలి. మైనస్ 18 డిగ్రీల వద్ద బ్యాటరీ బలం ఇంచుమించు సగమవుతుంది. డీజిలులో మైనం పేరుకొని ఫిల్టరు మూసుకుపోతుంది; అందుకే ఇండియన్ ఆయిల్ 2019లో లడఖ్ కొరకు మైనస్ 33 డిగ్రీల దాకా పారే డీజిలు తెచ్చింది. రేడియేటరులో ఉత్తనీరు గడ్డకడితే ఉబ్బి ఇంజను దిమ్మెనే పగులగొడుతుంది; సగం నీరు, సగం గ్లైకాలు ఉండాలి. కెనడాలో బయలుదేరడానికి కొన్ని గంటల ముందే బ్లాక్ హీటరును కరెంటుకు తగిలిస్తారు.

అన్నిటికంటె ముఖ్యం: మూసిన షెడ్డులో గాని, పొగగొట్టాన్ని మంచు కప్పినప్పుడు గాని ఇంజను నడపరాదు. కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఈ రాత్రి ఫోనులో పిల్లలను "అన్నం తిన్నావా?" అని అడిగిన తరువాత, ఈ మాట కూడా చెవిన వేద్దాము.